ఆమోసు అడిగిన నీళ్లు

పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మెన్నొనైట్ బ్రదరెన్ క్రైస్తవ సంఘాల్లో బాప్తిస్మమంటే నీళ్లలో పూర్తిగా మునగడమే. కరువు ఏడు అన్ని నీళ్లు ఎక్కడ దొరికేవో! ఆ సంఘాల తొలితరంలో ఎక్కువమంది ఊరి బావిలో చేద వేయనివ్వని మాల మాదిగలు. బైబిల్లో బావి దగ్గర యేసు నీళ్లడిగిన సమరయ స్త్రీ కథ వాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

పక్కనే కృష్ణ పారుతుంది, జూరాల ప్రాజెక్టు ఉంది; 2015లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఊరూరా తిరిగి పరాయి పొలాలకు కాలువలు తవ్వింది మాత్రం పాలమూరు లేబరే. అయినా ఈ సంఘాల్లో న్యాయం ఏరులా పారాలన్న ఆమోసు ప్రవక్త మీద నేను విన్న ప్రసంగాలు తక్కువ, వానకోసం ఉపవాస ప్రార్థనలు ఎక్కువ.

పాస్టరయ్యలారా, వానకోసం మోకరించండి, సరే. కాలువ చివరి పొలానికి నీళ్లెందుకు రాలేదో కూడా ఆ ప్రార్థనలోనే గట్టిగా అడగండి.