సముద్రము దాటిన బాలుడు

1842వ సంవత్సరము జూలై 31వ తేదీన రెవరెండు సి. ఎఫ్. హయ్యరుగారు గుంటూరు చేరిరని సండేస్కూలులో నేను కంఠస్థము చేసితిని. అప్పటినుండియు నా మనస్సునందు ఆయన యొక వృద్ధగురువు మాత్రమే. 1793లో జర్మనీయందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించిన ఆయన, పదునాలుగేండ్ల ప్రాయమున తలిదండ్రులను విడిచి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, ఫిలడెల్ఫియాలోని మేనమామ యొద్దకు పోయిరని ఇటీవలనే చదివితిని. ఆ రాత్రి నాకు చాలసేపు నిద్రపట్టలేదు. కారణము చివర జెప్పెదను.

ఆయనకు పూర్వము ఆ త్రోవను పోయిన జర్మనులనేకులు. 1683లో క్రెఫెల్డు పట్టణపు 13 కుటుంబములవారు కాంకర్డు అను ఓడనెక్కి ఫిలడెల్ఫియా చేరి, జర్మన్‌టౌను గ్రామమును నెలకొల్పిరి. తరువాతి శతాబ్దమున యుద్ధములచేతను, పన్నులచేతను, 1709 నాటి ఘోరమైన చలిచేతను పీడితులైన రైనునదీ ప్రాంతపు జనులు వేలకొలదిగా బయలుదేరిరి. నదిపై సుంకపుఠాణాల యొద్ద ఆగుచు రాటర్‌డాము రేవు చేరుటకే కొన్ని వారములు పట్టుచుండెను. పిమ్మట తెరచాప యోడ గాలివాటమునుబట్టి ఎనిమిది మొదలు పండ్రెండు వారములు సముద్రముపై నుండవలెను.

1750లో అట్లు ప్రయాణము చేసిన గాట్లీబ్ మిట్టెల్‌బర్గరు అను ఉపాధ్యాయుడు తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసెను. పండుకొనుటకు ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుగల చోటు, త్రాగుటకు నల్లబడి పురుగులు పట్టిన నీరు, పైగా జ్వరములు. ఏడేండ్లలోపు పసివారిలో బ్రతికి గట్టుచేరువారు అరుదని ఆయన చెప్పెను. మృతులకు సముద్రమే సమాధి.

తీరము కనబడినను కష్టము తీరలేదు. ఓడకేవు చెల్లింపలేనివారిని దిగనియ్యరు. వర్తకులును రైతులును ఓడలోనికే వచ్చి, ఆ ఋణమును తీర్చి, వారిని కొన్నియేండ్ల చాకిరికి తీసికొనిపోవుదురు. పెద్దలకు మూడు మొదలు ఆరేండ్లు. పిల్లలకు ఇరువదియొక్కటవయేడు వచ్చువరకు. సగము దూరము గడచిన పిమ్మట తలిదండ్రులు మరణించినయెడల, వారి కేవుకూడ ఆ యనాథలే తీర్చవలెను! ఇట్టివారి సహాయార్థమై 1764లో ఫిలడెల్ఫియా జర్మనులు ఒక సంఘమును స్థాపించిరి. మన తెలుగువారును 1860 మొదలు చెన్నపట్టణము రేవునుండి ఒప్పందపు కూలీలై నేటాలునకు ఓడలెక్కినవారే గదా.

హయ్యరుగారికి రేవునందు బంధువు కలడు, ఋణబంధము లేదు. అయినను ఆయనయు తల్లిని విడిచిన బాలుడే.

నేనును పదునాలుగవయేటనే వసతిగృహమున చేరితిని. రైలులో మూడుగంటల ప్రయాణము. అంతకే మొదటి రాత్రి దుప్పటి ముసుగులో నేడ్చితిని. మరుసటియేడు క్రొత్తగా వచ్చిన బాలుడొకడు తన పెట్టెపై కూర్చుండి యేడ్చుచుండగా, నేనే మొదట నవ్వితిని. నన్నుజూచి తక్కినవారును నవ్విరి. వారము తిరుగకుండ వాడు చదువు మాని యింటికి పోయెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టకుండ జేసినది వాని ముఖమే.

ఆ జర్మను బాలుడు నలువదియెనిమిదవయేట మరల సముద్రము దాటి, మన పిల్లల కొరకు పాఠశాలలు పెట్టెను. తాను పరదేశియైన దినములను ఆయన మరువలేదని నేను తలంచుచున్నాను. నేనైతే ఒక్క యేడాదిలోనే మరచితిని.

ప్రియ విద్యార్థులారా! వచ్చు జూను మాసమున మీ వసతిగృహమున నొక బాలుడు పెట్టెపై నొంటరిగా గూర్చుండియుండును. వాని పేరడుగుడి. నేను చేయనిపని మీరు చేయుడి.