ఎక్కడ ఆగుతోంది?

పాత గేమింగ్ కంప్యూటర్లో ఏం మార్చాలని అడిగి చూడండి, ప్రతివాళ్ల దగ్గరా జవాబు రెడీగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్ అంటారు. క్యాబినెట్‌లో అన్నిటికన్నా ఖరీదైనది, స్నేహితులకి చూపించుకోవడానికి బావుండేది అదే కదా. నా విషయంలో ఈ లెక్క విడిభాగాలతో మొదలై మా తమ్ముడి దగ్గర తేలింది.

నా మిషన్ 2017 నాటిది. ఉద్యోగంలో చేరిన ఏడాదికి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీలో షాపు షాపూ తిరిగి కట్టించుకున్నాను. రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 కార్డు, విండోస్‌కి 120 జీబీ ఎస్ఎస్‌డీ, ఆటలకి 1 టీబీ హార్డ్ డిస్క్. డబ్బులు నావి, కుర్చీ మాత్రం ఎక్కువగా తమ్ముడిది.

వాడిప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. నాకు ఆదివారం పొద్దున, వాడికి శనివారం రాత్రి. ఏడాదిగా ఆ వేళకి ఇద్దరం కలిసి బాల్డర్స్ గేట్ 3 ఆడుతున్నాం. ఫోన్ చేసుకుంటే మా మాటలు 3 నిమిషాల్లో అయిపోతాయి: తిన్నావా, ఆఫీసెలా ఉంది, ఇదిగో అమ్మకిస్తున్నా. ఆటలో అయితే 3 గంటలు. ఎవరి వంతు కోసం వాళ్లం ఎదురుచూస్తూ ఉండగా నాన్న షుగర్ సంగతి, వాడి వీసా దిగులు, ఇంట్లో నడుస్తున్న పెళ్లి గొడవ వాటంతటవే బయటికొస్తాయి. ముఖాలు చూసుకోనక్కర్లేదు కాబట్టేమో.

ఈ ఆట మూడో అంకం ఒక పెద్ద నగరంలో జరుగుతుంది. వీధి నిండా జనం, సంత, కాపలావాళ్లు. అక్కడికి చేరాక నా మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. వాడు సందు చివరికెళ్లి "అన్నా, ఉన్నావా?" అంటాడు, నేనింకా మలుపు దగ్గరే నత్తనడక నడుస్తుంటాను. రెండు ఆదివారాలు గంటలోపే ఆపేశాం. మూడోసారి వాడే అన్నాడు: "మొత్తం కొత్తది తీసుకో అన్నా, డబ్బులు నేను పంపిస్తా."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం మింగుడు పడలేదు. "వద్దులేరా, చూస్తాను" అన్నాను. నిజంగానే చూడటం మొదలుపెట్టాను.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆటలో రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించి, సెట్టింగులన్నీ లోకి మార్చాలి. ఫ్రేములు ఒక్కసారిగా పెరిగితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు. పెద్దగా కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగుతున్నట్టు. ఎందుకంటే బొమ్మ గీసేది కార్డు. ఎవరు ఎటు నడవాలి, ఎవరికి ఎవరు కనబడాలి అనేవి తేల్చేది ప్రాసెసర్. బొమ్మ చిన్నదైనంత మాత్రాన వీధిలో జనం తగ్గరు కదా. నగరం నడిబొడ్డున నాకు 28 ఉన్న ఫ్రేములు 31 అయ్యాయి, అంతే. వంటవాడు గరిటె పట్టుకుని ఖాళీగా నిలబడ్డాడు. కూరలు తరిగి అందించేవాళ్లే వెనకబడ్డారు.

అందరి మాటా విని కార్డు కొనుంటే సన్యాసి గోచీ కథ అయ్యేది. ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, చివరికి సంసారం. పెద్ద కార్డుకి పాత ఎస్ఎంపీఎస్ చాలదు. దానికి తగ్గట్టు కొత్త తరం ప్రాసెసర్ అంటే సాకెట్ వేరు కాబట్టి మదర్‌బోర్డు మార్చాలి. ఆ బోర్డులో డీడీఆర్4 ర్యామ్ పట్టదు, డీడీఆర్5 కొనాలి. ఇంత చేసి పాత మానిటర్ ఎందుకనిపిస్తుంది.

నా అదృష్టం ఏఎమ్4 సాకెట్. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా 2017 నాటి నా బోర్డులోనే కూర్చుంటుంది. ముందుగా బయాస్ అప్‌డేట్ చేయాలి. అదీ పాత చిప్ ఉండగానే చేసుకోవాలి, లేకపోతే కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టదు. రెండూ 65 వాట్లవే, ఎస్ఎంపీఎస్ మీద కొత్త భారం ఉండదు. ఇంకో లాభం: విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు, 5600 ఉంది.

రెండోది ఎస్ఎస్‌డీ. ఈ ఆట 150 జీబీ అడుగుతుంది, అదీ ఎస్ఎస్‌డీలోనే ఉండాలంటుంది. నా 120లో పట్టనే పట్టదు, ఇన్నాళ్లూ హార్డ్ డిస్క్ నుంచే లాక్కొచ్చాను. 1 టీబీది తీసుకున్నాను. ర్యామ్ ముట్టుకోలేదు. కార్డూ ముట్టుకోలేదు. రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవని ఇండియానా జోన్స్ లాంటి ఆటలు నా 1060కి అందవని తెలుసు. కానీ నా ఆదివారాల్లో ఇండియానా జోన్స్ లేడు.

ప్రాసెసర్ మార్చాక అదే సంతలో 50 దాకా వస్తున్నాయి. ఇప్పుడు కార్డు వాడకం 99 శాతం చూపిస్తోంది. అంటే అడ్డు పోలేదు, అక్కణ్ణుంచి ఇక్కడికి జరిగింది. ఎప్పుడూ అంతే, ఏదో ఒకటి అందరికన్నా వెనక ఉంటుంది. మనకి కావలసిన పని జరిగేంతవరకూ దాన్ని ఉండనివ్వొచ్చు.

ఆ అంకెలు తమ్ముడికి పంపిస్తే ఒకటే మాట రాశాడు: "అయితే కార్డు నా వంతు."

మొత్తం మిషన్ అన్నప్పుడు వద్దన్నవాణ్ణి, ఈసారి వద్దనలేకపోయాను. వాడు కూడా ఎనిమిదేళ్లు కూర్చున్న మిషనే కదా, ఒక భాగం వాడిదైతే తప్పేంటి? డిసెంబర్లో వస్తున్నాడు. ఆలోపు ఎస్ఎంపీఎస్ మార్చి ఉంచాలి. అది నా వంతు.