షాలేలో తాలింపు

లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైన 2003లో కొన్న స్థలంలో మావారు "షాలే" కట్టిస్తామన్నారు. అదేమిటంటారా? స్విట్జర్లాండు కొయ్య ఇల్లు! రిటైర్మెంటు డబ్బంతా దానికే.

గీయించి తెచ్చిన ప్లానులో అన్నీ కొయ్యగోడలే. హాల్లో చలిపొయ్యి, తలుపు లేని వంటిల్లు, పడకగదులన్నీ మేడమీద. మే నెలలో 42 డిగ్రీలు అందుకునే ఊళ్లో చలి కాచుకునేదెవరు? తాలింపు జిడ్డు కొయ్యగోడకు పడితే రోజూ తుడిచేదెవరు? మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు మెట్లెక్కేదెలా? ఆవిడ ప్లాను చూసి, "నేను పెద్దాడి దగ్గరే ఉంటాలే నాయనా" అన్నారు. మావారి ముఖం చిన్నబోయింది.

నిజానికి షాలే అంటే భోగం కాదు. వేసవిలో పశువుల్ని ఆల్ప్స్ కొండలమీదికి తోలుకెళ్లే కాపరుల గుడిసె. అక్కడ దొరికిన రాయి అడుగున, దొరికిన కొయ్య పైన. మంచూ వానా గోడల్ని తడపకుండా ముందుకు చాచిన చూరు. ఆ తెలివి మన పెంకుటిళ్లకు మాత్రం లేదూ?

ప్లాను మళ్లీ గీయించాం. చెదలు తేలిగ్గా ఎక్కకుండా ఇక్కడి గుట్టల రాయితో ఎత్తైన పునాది. బారెడు చూరు, చుట్టూ వసారా. దూలాలకీ వాసాలకీ టేకు. వంటింటికి ఇటుక గోడ, తలుపు, పొగ పోయే కిటికీ. అత్తయ్యగారి గది కిందనే, తూర్పువైపు.

"మరి ఇందులో షాలే ఏదోయ్?" అన్నారు మావారు దిగులుగా.

"ఏదైతేనేంరా, గడపకు పసుపు నేనే రాస్తా" అన్నారు అత్తయ్యగారు.