మాంటెరీ ఇసుకలో పూలు

మన సభ్యుల్లో మాంటెరీ చూడనివాళ్ళు తక్కువ. కేనరీ రో, 1984లో తెరిచిన అక్వేరియం, పిల్లలకి ఐస్‌క్రీం, చీకటి పడేసరికి మళ్ళీ శాన్ హోసే. మేమూ చాలాసార్లు అలాగే తిరిగొచ్చాం. కిందటి సెప్టెంబరులో మాత్రం శాన్ కార్లోస్ బీచ్ దగ్గరే ఆగిపోయాం. మా అబ్బాయి డైవింగ్ నేర్చుకున్నాడు. స్నేహితుడితో కలిసి అక్కడ సముద్రంలోకి దిగుతానన్నాడు. వద్దనలేకపోయాం. వాళ్ళ అమ్మమ్మ గట్టుమీద కూర్చుని ఆంజనేయ దండకం మొదలుపెట్టింది.

ఆ రాళ్ళ గోడ దాటి కాస్త లోపలికి వెళితే అడుగున అంతా ఇసుకే. "అక్కడేం చూస్తావురా?" అంటే, "ట్యూబ్ ఎనిమోన్" అన్నాడు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పాకిసెరియాంథస్ ఫింబ్రియాటస్. చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. మామూలు ఎనిమోన్ రాతిని కరుచుకుని బతుకుతుంది. దీనికి రాయి అక్కర్లేదు. తన ఒంట్లో ఒకరకం కణాలు వదిలే దారాలతో తనే గొట్టం అల్లుకుని ఇసుకలో పాతుకుంటుంది. ఇసుకా బురదా అంటుకుని ఆ గొట్టం తోలులా తయారవుతుంది. అది దాని ఒంటికన్నా పొడుగు. పైకి కనిపించేవి టెంటకిల్స్ మాత్రమే. అంచున ఉన్న పొడుగువి తిండిని పట్టుకుంటాయి, నోటిచుట్టూ ఉన్న పొట్టివి లోపలికి అందిస్తాయి. ఏదైనా తగిలిందా, చటుక్కున గొట్టంలోకి మాయం.

కాసేపు నీటిమీద బుడగలు కనిపించాయి. తరవాత అవీ లేవు. నీళ్ళు చూస్తే ఐసులా ఉన్నాయి. ఇద్దరం గడియారం చూసుకోవడం, ఒకళ్ళకొకళ్ళం ఏమీ చెప్పుకోకపోవడం. దండకం మూడోసారికొచ్చింది.

ముప్పై అయిదు నిమిషాలకి తేలాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, మాట ఆగడంలేదు. డెండ్రోనోటస్ ఐరిస్ అనే సముద్రపు నత్త, గుల్ల లేనిది, వీపంతా కొమ్మల్లాంటి కుచ్చులు, గొట్టం దగ్గరికి పాకి, తల ఎత్తి, టెంటకిల్స్‌ని పట్టి కొరికిందట. ఎనిమోన్ లోపలికి జారితే నత్త తల కూడా దాంతో లోపలికి వెళ్ళిందట! కాసేపటికి బయటికొచ్చి తన దారిన పోయింది. మామూలుగా ఎనిమోన్ దీనివల్ల చావదు, తెగినవి మళ్ళీ మొలుస్తాయి. పైగా ఈ నత్త గుడ్లు పెట్టేది కూడా ఆ గొట్టాలమీదే. అంత ఇసుకలో వాటికి మరో గట్టి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

"తిండీ వాళ్ళింట్లోనే, పురుడూ వాళ్ళింట్లోనేనా!" అంది అమ్మమ్మ, పులిహోర డబ్బా మూత తీస్తూ.

వచ్చే నెల మళ్ళీ దిగుతాడట.