అలల ఒడ్డున కాపలా

ఆస్ట్రేలియాలో సిడ్నీ మహానగరం అంచున బాండై అనే సముద్రతీరం ఉన్నది. అది నెలవంకలాగా వంపు తిరిగి, సుమారు ఒక కిలోమీటరు పొడవు ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మనం దుప్పట్లు కప్పుకుంటూ ఉంటే, అక్కడ మంచి వేసవి. వేలాది జనం సముద్రస్నానానికి వస్తారు.

మీరు ఆ ఒడ్డుకు వెళితే ఇసుకలో పాతిన రెండు జెండాలు కనిపిస్తాయి. వాటి పైసగం ఎరుపు, కింది సగం పసుపు. స్నానం చేసేవారు ఆ జెండాల మధ్యనే దిగాలి. అక్కడ ఎరుపు, పసుపు టోపీలు పెట్టుకున్నవారు నీటిమీది నుంచి చూపు తిప్పకుండా కాపలా కాస్తూ ఉంటారు. నగరపాలకులు నియమించిన కాపలాదారులకు జీతం ఉన్నది గాని, వీరికి లేదు. చదువులూ, ఉద్యోగాలూ ఉన్న మామూలు మనుషులు వేసవి సెలవురోజులలో వంతులు వేసుకుని ఈ పని చేస్తారు. వీరి సంఘం 1907లో ఏర్పడింది.

సముద్రంలో ఏ చోటు ప్రమాదం? అలలు విరిగి నురగలు కక్కే చోటా, నెమ్మదిగా ఉన్న చోటా? నురగలు కక్కే చోటేనని మీరు అనుకోవచ్చు. కాని చాలాసార్లు రెండోదే ప్రమాదం. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి పోవాలి గదా! అది ఇసుక దిబ్బల నడుమ లోతైన దారి చూసుకుని, కాలవలాగా సముద్రంలోకి పారుతుంది. దాన్ని రిప్ అంటారు. అక్కడ లోతు ఎక్కువ గనక అలలు అంతగా విరగవు. నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. రిప్ మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. భయపడి ఒడ్డుకేసి ఎదురీదేవాడు అలిసిపోయి మునిగిపోతాడు. ఎదురీదక, తేలుతూ, చెయ్యెత్తి సహాయం కోరేవాడు బతుకుతాడు.

పూర్వం బాండైలో పెద్ద రాట్నం వంటి చక్రానికి పొడుగాటి తాడు చుట్టి ఉంచేవారు. ఒకడు తాడు కొసన ఉన్న పటకా నడుముకు తగిలించుకుని, మునిగేవాడి దగ్గరికి ఈదేవాడు. ఒడ్డున ఉన్నవారు ఇద్దరినీ లాగేవారు. ఈదేవాడు ఎంత ధీరుడైనా, తాడు పట్టేవారు లేకపోతే ప్రయోజనం లేదు.

1938 ఫిబ్రవరి 6, ఆదివారం. పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఇసుక దిబ్బమీద నిలబడి ఉన్న వందలాది మందిని లోతులోకి ఈడ్చుకుపోయాయి. అదృష్టవశాత్తూ సంఘం సభ్యులు చాలామంది ఒడ్డునే ఉన్నారు. తాళ్ళతో, పలకలతో, వట్టి చేతులతో దూకి, సుమారు 250 మందిని కాపాడారు. అయినా ఐదుగురు ప్రాణాలు దక్కలేదు. ఆ రోజును అక్కడివారు నేటికీ "నల్ల ఆదివారం" అంటారు.

ఇప్పుడు తాడుచక్రాల స్థానంలో గాలి నింపిన మోటారు పడవలు వచ్చాయి. 1980 నుంచి ఆడవారు కూడా కాపలా కాస్తున్నారు. ఆస్ట్రేలియాలోని ఇలాటి సంఘాలలో ఐదేళ్ళ పిల్లలు కూడా చేరవచ్చు. వారిని నిప్పర్లు అంటారు. వారు మొదట నేర్చుకునే వాటిలో సముద్రాన్ని చూసి రిప్‌ను గుర్తుపట్టటం ఒకటి.

మన విశాఖపట్నం తీరంలో కూడా రిప్‌లు ఉన్నాయి. ఈసారి సముద్రానికి వెళ్ళినప్పుడు, దిగబోయే ముందు అమ్మానాన్నలతో కలిసి ఒడ్డున కాసేపు నిలబడండి. అలలు విరగని నల్లని దారి ఎక్కడ ఉన్నదో వెతకండి. కనిపిస్తే, ఆ చోట దిగకండి.