నగరం నడుమ గడ్డి మైదానం: హరిణ వనస్థలి

హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్లే జాతీయ రహదారి పక్కన, వనస్థలిపురం దగ్గర ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి జింకల రక్షణకు కేటాయించిన ఈ 14.59 చదరపు కిలోమీటర్ల నేలను 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేటాడటం గానీ, పశువులను మేపడం గానీ నేరం.

రహదారి మీది లారీల రొద గేటు దాటాక కూడా కొంత దూరం వెంట వస్తుంది. వాహనం వెళ్లే మట్టిబాటకు ఇరువైపులా మొదట తుమ్మ, వేప, సీతాఫలం పొదలు కనిపిస్తాయి. పొదలు పలచబడి గడ్డి పరుచుకున్న చోటే కృష్ణజింకలు ఎదురవుతాయి. నల్లని వీపు, తెల్లని పొట్ట, మెలితిరిగిన కొమ్ములున్న ఇర్రి, అంటే మగ జింక, ఒక పెంటికల కుప్ప పక్కన మెడ నిక్కించి నిలబడి ఉంటుంది. రోజూ అదే చోట పెంటికలు వేసి ఆ మేర తనదని తోటి మగ జింకలకు తెలియజేయడం దాని పద్ధతి. కొంచెం ఎడంగా లేత గోధుమ రంగు లేళ్లు మేస్తూ, క్షణక్షణం తలెత్తి చుట్టూ చూస్తుంటాయి.

ఆ చూపులోనే ఈ ఉద్యాన నిర్వహణకు మూలసూత్రం ఉంది. కృష్ణజింక పొదల్లో నక్కి బతికే జంతువు కాదు. శత్రువును దూరం నుంచే పసిగట్టి, గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకోగల వేగంతో పరుగెత్తి ప్రాణం కాపాడుకుంటుంది కాబట్టి, దానికి పొట్టి గడ్డి, కనుచూపు మేర ఖాళీ నేల కావాలి. చుట్టూ గోడ కట్టి లోపలి నేలను దాని మానాన వదిలేస్తే, సర్కారు తుమ్మ, లాంటానా వంటి బయటి నుంచి వచ్చిన మొక్కలు అల్లుకుని మైదానం చిట్టడవిగా మారుతుంది. గుజరాత్‌లోని వేలావదర్‌లో సర్కారు తుమ్మ కాయలను తిన్న కృష్ణజింకలే విత్తనాలను పెంటికలతో గడ్డినేలంతటా చల్లుతున్నాయని పరిశోధకులు గమనించారు. రక్షించాల్సిన ప్రాణే తనకు తెలియకుండా తన నివాసాన్ని చెరుపుకుంటుందన్న మాట. చెన్నై నడిబొడ్డున 2.7 చదరపు కిలోమీటర్లకే పరిమితమైన గిండీ ఉద్యానంలో ఖాళీ నేల కుంచించుకుపోయిన కొద్దీ, పొదల్లోనూ హాయిగా బతకగల చుక్కల దుప్పులు నిలదొక్కుకోగా కృష్ణజింకలు వెనుకబడ్డాయి. చుక్కల దుప్పులు హరిణ వనస్థలిలోనూ ఉన్నాయి కనుక ఆ అనుభవాన్ని ఇక్కడివారు మరవకూడదు.

అందుకే ఇలాంటి ఉద్యానాలకు సాధారణంగా పదేళ్ల కాలానికి నిర్వహణ ప్రణాళిక రాసుకుంటారు: ఏ భాగాన్ని గడ్డిగా ఉంచాలి, పొదలను ఎప్పుడు వేళ్లతో సహా పెకలించాలి, వేసవి మంటలు పాకకుండా ఫైర్ లైన్లు, అంటే గడ్డి చెక్కేసిన ఖాళీ పట్టీలు, ఎక్కడ తీయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఎండాకాలంలో సాసర్ పిట్లు అనే లోతులేని సిమెంటు తొట్లను ట్యాంకర్లతో నింపడం కంటికి కనిపించే పని కనుక దానికి ప్రచారం దక్కుతుంది. పొదల తొలగింపు ఏటా చేయవలసిన, ఒక్క ఏడు మానినా వెనక్కి పోయే పని, ఎవరి మెప్పూ పొందని పని.

నగరం చుట్టుముట్టడం వల్ల మరో చిక్కు ఉంది. గోడ ఆక్రమణలను ఆపుతుంది గానీ, అదే గోడ జింకల మందను బయటి మందల నుంచి వేరుచేస్తుంది; కొత్త రక్తం కలవక తరతరాలు దగ్గరి చుట్టరికంలోనే పిల్లలు పుడితే సంతతి బలహీనపడుతుంది. కనుక ఇతర ప్రాంతాల జింకలను తగిన పరీక్షలతో తెచ్చి కలపడం కూడా దీర్ఘకాలిక ప్రణాళికలో భాగం కావాలి. కాలనీల చెత్తకుప్పల దగ్గర పెరిగే వీధికుక్కలు లోపలికి చొరబడితే లేడికూనలకు ప్రాణగండం. ఆ బెడద తీరాలంటే అటవీ శాఖ ఒక్కటే చాలదు, గోడకు ఇవతల చెత్త ఎత్తే పురపాలక సిబ్బంది కూడా కలిసిరావాలి.

మొక్కలు నాటడం ఎక్కడైనా పుణ్యమే అన్న భావన మనలో బలంగా పాతుకుపోయింది. హరిణ వనస్థలి గడ్డినేల విషయంలో అది పొరపాటు. అక్కడి ఖాళీ స్థలం బీడు కాదు, కృష్ణజింకల ఇల్లు. వానాకాలపు మొక్కలు నాటే కార్యక్రమాలకు నగరంలో వేరే చోట్లు ఎన్నో ఉన్నాయి, ఆ మైదానాన్ని మాత్రం మైదానంగానే ఉండనివ్వాలి.