కాయితం రాసేవాడు

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్లలో కూర్చునే దస్తావేజు లేఖరులకి యంత్రాలంటే బెదురు లేదు. 1998లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్లకి కంప్యూటర్లు తెచ్చినప్పుడు వీళ్ళ పని అయిపోయిందన్నారు. 2020లో తెలంగాణలో ధరణి పోర్టల్ వచ్చినప్పుడూ అదే మాట. టైపు మిషన్లు పోయాయి గానీ మనుషులు కదల్లేదు.

ఇప్పుడొచ్చింది మాత్రం వేరే రకం. పేర్లు, సర్వే నంబరు, హద్దులు చెబితే చాట్‌జీపీటీ నిమిషంలో విక్రయ దస్తావేజు రాసి చేతిలో పెడుతుంది. భాష కూడా దస్తావేజు భాషే. ఆస్తి ఎలా వచ్చిందో మీరు చెప్పకపోతే, ఒక్కోసారి 'స్వార్జితం' అని తనే వేసేస్తుంది కూడా!

మా ఊళ్ళో ఒక లేఖరిగారు కలం పట్టకముందు ఏం చేస్తారో చూశాను. అమ్మే ఆయన పాస్‌బుక్కు బల్లమీద పెట్టాడు. ఈయన దాన్ని తెరవనే లేదు.

"నాన్నగారి ఆస్తేనా? అప్పచెల్లెళ్ళున్నారా?"

"ఒక చెల్లెలుందండి. దాని వాటా పెళ్ళిలోనే ఇచ్చేశాం."

"ఇచ్చినట్టు కాయితముందా?"

అతను మాట్లాడలేదు. పిత్రార్జితంలో ఆడపిల్లలకి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1986లో. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అయినా ఇళ్ళల్లో ఇంకా పెళ్ళి ఖర్చుతో సరిపెడుతూనే ఉన్నారు. లేఖరిగారు ఇంకో ప్రశ్న వేశారు: "బావి దగ్గరికి ఎవరి గట్టు మీంచి నడుస్తున్నారు?" ఆ పూట కాయితం రాయనే లేదు.

రాయనందుకు ఆయనకి పైసా రాలేదు. అదే నన్ను పట్టుకున్న సంగతి. మనం డబ్బిచ్చేది రాతకి. అడగడం ఊరికే వచ్చేది. ఇప్పుడు రాతే ఊరికే వస్తోంది. మరి అడిగినందుకు ఎవరిస్తారు?

పైగా ఆ అడగడం ఆయన నేర్చుకున్నది సాపు ప్రతులు రాస్తూనే. కుర్రతనంలో గురువు పక్కన బల్లమీద కూర్చుని ఊరివాళ్ళ తగాదాలన్నీ చెవినేసుకుంటూ రాశారు. యంత్రం ముందుగా ఎత్తుకుపోయింది ఆ కుర్రాడి పనినే. రేపటి లేఖరి ఎక్కడ కూర్చుని వింటాడు?

లేఖరిగారు కూడా ఈమధ్య చిత్తు ఫోన్లోనే రాయించుకుంటున్నారు. టైపు కుర్రాణ్ణి మానిపించారు. తప్పుపట్టలేను, రేటు తగ్గించమని బేరమాడేది మనమేగా.